రేణిగుంట ఎండలో నిలిపిన సెస్నా కింద నూనె చుక్కలు: ఎక్కడ కారుతోందో పట్టుకునేదెట్లా?

ప్రశ్న: మాది చంద్రగిరి. విమాన మెయింటెనెన్స్ చదువు పూర్తిచేసి ఒక ఫ్లయింగ్ స్కూల్లో ట్రైనీ టెక్నీషియన్‌గా చేస్తున్నాను. ఇంకా లైసెన్సు రాలేదు. మా సెస్నా 172ఎస్, 180 హార్స్‌పవర్ లైకమింగ్ ఇంజన్‌ది, రెండు వారాలుగా రేణిగుంటలో ఆరుబయటే ఉంటోంది. రోజూ పొద్దున చూస్తే ముందు చక్రం వెనకాల నాలుగైదు నల్ల చుక్కలు. పొట్ట కింద తోక వైపు నల్లటి చార. ఎడమ రెక్క కింద నీలం మరక కూడా కనబడింది. ‘లైకమింగ్ అన్నాక కారకుండా ఉంటుందా, తుడిచెయ్’ అంటాడు మా సీనియర్ అన్న. ఇంకొకాయన ఇంజన్ ముందు వైపు, ప్రొపెల్లర్ వెనకాల ఉండే సీల్ (ముందు సీల్) మార్చేద్దాం అంటున్నాడు. నూనె గంటకు ఎంత పోతే ఫర్వాలేదు? ఎక్కణ్ణుంచి కారుతోందో తెలుసుకునేదెట్లా? నూనెలో రంగు కలిపి లైటు వేసి చూస్తారంట, మంచిదేనా?

జవాబు: మీ ఉత్తరంలో మూడు వేర్వేరు సంగతులున్నాయి. నేల మీద చుక్కలు ఒకటి, పొట్ట కింద చార ఒకటి, రెక్క కింద నీలం మరక ఒకటి. మూడింటికీ ఒకే కారణం ఉండి ఉంటుందని మొదలుపెడితే దారి తప్పుతారు. మీరు రాసిన తీరు చూస్తే మూడూ మూడు చోట్ల నుంచి వచ్చేవే అయ్యుంటాయి. నీలం మరకకు ఇంజన్‌తో సంబంధం లేకపోవచ్చు కూడా.

ఆ ముందు వైపు సీల్ మార్చే పని మాత్రం ఇప్పుడే మొదలుపెట్టనివ్వకండి. దానికి ప్రొపెల్లర్ దించాలి, మళ్ళీ బోల్టులు లెక్క ప్రకారం బిగించాలి, రెండు రెక్కలూ ఒకే దారిలో తిరుగుతున్నాయో (ట్రాక్) చూడాలి. ఇంతా చేశాక నూనె రాకర్ కవర్ (సిలిండర్ చివర వాల్వుల మీది మూత) నుంచి వస్తోందని తేలితే డబ్బూ పోయె, రోజూ పోయె, చుక్కలు మాత్రం అక్కడే ఉంటాయి. ఇంకా చెడ్డ సంగతి, సీల్ నిజంగానే కారుతున్నా అది ఎందుకు కారుతోందో చూడకుండా కొత్తది వేస్తే అదీ కొన్ని గంటల్లో తోసుకుని బయటికొస్తుంది. దాని సంగతి కింద చెబుతాం.

పెంకుటింట్లో వాన కురిసినప్పుడు చుక్క పడేది వంటింట్లో, పెంకు పగిలింది దూలానికి అవతల. నీళ్ళు వాసం పట్టుకుని జారి వచ్చి ఎక్కడో పడతాయి. ఇంజన్‌లో నూనె కూడా అంతే. పైగా ఇక్కడ గాలి కూడా తోడవుతుంది. కౌలింగ్ (ఇంజన్ మీది రేకు కప్పు) ముందు రంధ్రాల్లోంచి దూరిన గాలి సిలిండర్ల చుట్టూ ఉండే సన్న లోహపు రెక్కల మధ్యగా పైనుంచి కిందికి దిగి, కింద వెనకాల నుంచి బయటికి పోతుంది. కాబట్టి ఎక్కడ కారినా నూనె కిందికీ వెనక్కీ పాకుతుంది. తడి అంతటిలో అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా ముందు ఉన్న చోటు ఏదో అదే మూలం. కింద ఎంత జిడ్డు ఉన్నా దాన్ని చూసి తీర్పు చెప్పకూడదు.

అసలు కారేది ఏ ద్రవమో ముందు తేల్చండి. తెల్ల కాగితం, లేదా తెల్ల పేపర్ నాప్‌కిన్ మీద ఒక చుక్క అద్దండి. ఇంజన్ ఆయిల్ అయితే అంచు పారదర్శకంగా మారి, గంట తర్వాత కూడా జిడ్డు వలయం ఉంటుంది. వేరుశనగ నూనె పడ్డ పొట్లం కాగితంలాగే. వాడిన నూనె ముదురు గోధుమ నుంచి నలుపు దాకా, కొత్తది తేనె రంగు. 100 ఎల్ఎల్ ఏవ్‌గ్యాస్ (ఈ విమానం ఇంధనం) నీలంగా ఉంటుంది, కాగితం మీద చూస్తూండగానే ఆరిపోతుంది, వాసన పట్టిస్తుంది. లోహం మీద ఆరితే నీలం రంగు మాత్రం మరకగా మిగులుతుంది. ఎర్రగా, పలచగా, జిడ్డుగా ఉంటే అది 5606 రకం హైడ్రాలిక్ నూనె: ఈ విమానంలో బ్రేకుల్లోనూ, ముందు చక్రం షాక్ స్ట్రట్‌లోనూ ఉండేది అదే. మీ చుక్కలు ముందు చక్రం దగ్గరే కదా, అందుకే ఈ పరీక్ష తప్పనిసరి. స్ట్రట్ సీల్ చెమర్చిన ఎర్ర నూనెకు దుమ్ము అంటితే చూడ్డానికి నల్లగానే ఉంటుంది. ఇక్కడే ఇంకో మాట: బ్రేకుకు కారు బ్రేక్ ఆయిల్ పోయకండి. ఆ రబ్బరు సీళ్ళు దానికి తయారైనవి కావు, ఉబ్బి పాడైపోతాయి.

ఎగ్జాస్ట్ ఫ్లాంజ్ దగ్గర పొడిగా, బూడిద రంగులో కనబడేదాన్ని కారుడు అనుకోవద్దు. అది పొగ లీకు మరక. తడి ఉండదు, వేలితో రుద్దితే పొడి అంటుతుంది. అది వేరే లోపం, కార్బన్ మోనాక్సైడ్ క్యాబిన్‌లోకి వచ్చే ప్రమాదం ఉంది కాబట్టి విడిగా రాసి చూపించండి.

ఇప్పుడు మీ చుక్కలు. ఏ ఫ్రిజ్ షాపులోనో దొరికే పెద్ద అట్ట ఒకటి తెచ్చుకోండి. ముక్కు కింద పరిచి, ముందు చక్రం ఎక్కడుందో, ప్రొపెల్లర్ స్పిన్నర్ సరిగ్గా ఎక్కడికి వస్తుందో, ఫైర్‌వాల్ (ఇంజన్‌కూ క్యాబిన్‌కూ మధ్య అడ్డుగోడ) ఎక్కడో స్కెచ్ పెన్నుతో గీసుకోండి. గాలికి లేవకుండా రాయి పెట్టండి. ఇంజన్ ఆపిన అరగంటకు ఒకసారి, రెండు గంటలకు ఒకసారి, మర్నాడు పొద్దున ఒకసారి చూసి, కొత్తగా పడ్డ చుక్క చుట్టూ గీత గీసి పక్కన టైము రాయండి. మూడు రోజులు ఒకే అట్ట వాడండి.

ఈ టైములే సగం జవాబు చెబుతాయి. ఆపిన మొదటి గంటలోనే చుక్కలు పడి ఆ తర్వాత ఆగిపోతే, ఇంజన్ తిరిగేటప్పుడు బయటికొచ్చి సిలిండర్ రెక్కల మీదా, మడతల్లోనూ నిలిచిన నూనె వేడికి పలచబడి జారుతోందని అర్థం: రాకర్ కవర్లు, పుష్‌రాడ్ గొట్టాలు (క్యామ్‌షాఫ్ట్ నుంచి వాల్వులను కదిలించే కడ్డీలుండేవి), ఫిల్టర్ చుట్టుపక్కల, లేదా బ్రీదర్ (ఇంజన్ లోపలి గ్యాసు బయటికి పోయే గొట్టం). రాత్రంతా ఆగకుండా గంటకొకటి చొప్పున పడుతూ ఉంటే, నిలవ ఉన్న నూనె మట్టానికి కింద ఎక్కడో తెరిచి ఉంది: సంప్ (నూనె నిలిచే అడుగు తొట్టి) గ్యాస్కెట్, సంప్ ప్లగ్గు, క్విక్ డ్రెయిన్ వాల్వు (నూనె దించే కుళాయి). క్విక్ డ్రెయిన్ అయితే చాలాసార్లు లోపలి ఓ-రింగు మీద ఇసుక రేణువో, నూలు పోగో ఇరుక్కుని ఉంటుంది. తదుపరి ఆయిల్ మార్పిడిలో కొత్త ఓ-రింగు వేస్తే సరి.

బ్రీదర్ గొట్టం చివర నుంచి ఆపిన వెంటనే పాలు కలిసిన టీ లాంటి రంగులో రెండు మూడు చుక్కలు పడితే కంగారు పడొద్దు. దహనంలో పుట్టిన నీటి ఆవిరి గొట్టంలో చల్లబడి నూనెతో చిలికినట్టు కలిసింది అది. సర్క్యూట్లు (రన్‌వే చుట్టూ చిన్న చుట్లు) మాత్రమే చేసి ఆపే ట్రైనింగ్ విమానాల్లో, ఇంజన్ పూర్తిగా వేడెక్కే లోపే ఆపేస్తారు కాబట్టి, ఇది ఎక్కువ.

ఎంత పోతే ఫర్వాలేదు అన్నారు. లెక్క వేద్దాం. చుక్కకు సుమారు 0.05 మిల్లీలీటర్లు అనుకుంటే మీ ఐదు చుక్కలు పావు మిల్లీలీటరు. ఒక క్వార్ట్ 946 మిల్లీలీటర్లు. ఆ లెక్కన రాత్రి చుక్కలతో ఒక క్వార్ట్ పోవడానికి పదేళ్ళు పడుతుంది. చుక్కల వల్ల నూనె అయిపోతుందన్న భయం అక్కర్లేదు. అదే సెకనుకో చుక్క అయితే గంటకు 180 మిల్లీలీటర్లు, అది వేరే కథ. ఇంజన్ మొత్తం ఎంత నూనె తాగొచ్చు అన్నదానికి లైకమింగ్ ఇచ్చే సూత్రం ఉంది: హార్స్‌పవర్‌ను 0.006తో, 4తో గుణించి 7.4తో భాగించాలి. 180కి గంటకు 0.58 క్వార్ట్, అంటే దాదాపు 550 మిల్లీలీటర్లు. ఇది లోపల కాలేదీ బ్రీదర్‌లోంచి పోయేదీ కలిపిన గరిష్ఠ హద్దు. దీన్ని కారుడుకు అనుమతిగా చదవకూడదు. బాగున్న ఇంజన్ ఇందులో చిన్న వంతే తాగుతుంది. మీకు పనికొచ్చేది హద్దు కన్నా మార్పు: మొన్నటిదాకా పది గంటలకు ఒక క్వార్ట్ పోసేవాళ్ళు, ఇప్పుడు ఐదు గంటలకే పోస్తున్నారంటే, ఎక్కడా చుక్క కనబడకపోయినా ఏదో మారింది.

అందుకు డిప్‌స్టిక్ కొలత నమ్మదగ్గదిగా ఉండాలి. ఆపిన వెంటనే తీస్తే నూనె ఇంకా పైనే ఉంటుంది కాబట్టి తక్కువ చూపిస్తుంది. ఆప్రాన్ (విమానం నిలిపే నేల) వాలుంటే ఒక రోజు ఎక్కువ, ఒక రోజు తక్కువ. రోజూ మొదటి ఫ్లయిట్‌కు ముందు, ఒకే చోట, ఒకే దిక్కుగా నిలిపి కొలిచి రాయండి.

ఇక మూలం వెతికే పని. కౌలింగ్ విప్పి ఇంజన్ నిండా జిడ్డుంటే చూసి ప్రయోజనం లేదు. ముందు కడగాలి. చల్లారాకే కడగాలి, ఆరుబయట గాలాడే చోట, మంటలార్పే సిలిండర్ పక్కన పెట్టుకుని. మెయింటెనెన్స్ మాన్యువల్ ఒప్పుకున్న స్టాడర్డ్ సాల్వెంట్ రకం ద్రవమే వాడండి. పెట్రోలుతోగానీ ఏవ్‌గ్యాస్‌తోగానీ కడగకండి. మన దగ్గర బైకు మెకానిక్కులకు ఉన్న ఆ అలవాటు హ్యాంగర్‌లోకి రాకూడదు. మ్యాగ్నెటోలు (స్పార్క్ ప్లగ్గులకు కరెంటు ఇచ్చేవి), ఆల్టర్నేటర్, స్టార్టర్, వాక్యూమ్ పంపు, గాలి ఫిల్టర్ వీటికి ప్లాస్టిక్ సంచులు తొడిగి రబ్బరు బ్యాండ్లు వేయండి. మ్యాగ్నెటో గాలి రంధ్రంలోకి సాల్వెంట్ పోతే లోపలి పాయింట్లు పాడవుతాయి. పొడి రకం వాక్యూమ్ పంపులోకి పోతే కార్బన్ రెక్కలు ముద్దగా మారి పంపు చచ్చిపోతుంది. ప్రెషర్ వాషర్ వద్దు. బ్రష్షు, స్ప్రే సీసా చాలు. ఎన్ని సంచులు తొడిగారో లెక్కపెట్టుకుని, అన్నీ తీశారని మళ్ళీ లెక్కపెట్టండి.

ఆరబెట్టాక అనుమానం ఉన్న కీళ్ళ మీద తెల్ల పొడి చల్లితే పని సులువవుతుంది. పగుళ్ళు వెతికే డై పెనెట్రెంట్ కిట్‌లో డెవలపర్ స్ప్రే ఉంటుంది కదా, అదే పలచగా కొట్టండి. ఆరితే సున్నం వేసిన గోడలా ఉంటుంది. దాని మీద చెమ్మ వెంట్రుకంత ఊరినా ముదురు గీతలా కనబడుతుంది. ఎగ్జాస్ట్ మీదా, బెల్టుల మీదా పడనివ్వకండి.

తర్వాత గ్రౌండ్ రన్. అర్హత ఉన్నవాళ్ళే నడపాలి, చక్రాలకు అడ్డాలు, బ్రేకులు, ముందు ఎవరూ లేకుండా చూసుకోవాలి. కౌలింగ్ లేకుండా నడిపితే గాలి సిలిండర్ల మధ్యగా పోకుండా పక్కలకు తప్పించుకుంటుంది, ఇంజన్ తొందరగా వేడెక్కుతుంది. రేణిగుంటలో మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటే రోజుల్లో ఆ పని అసలు పెట్టుకోవద్దు, పొద్దున ఏడింటికల్లా ముగించండి. 1,000–1,200 ఆర్‌పీఎమ్ దగ్గర నూనె వేడెక్కనిచ్చి, కాసేపు 1,800కి తీసుకెళ్ళి, సిలిండర్ హెడ్ వేడి చూసుకుంటూ ఆపేయండి. మొత్తం ఐదారు నిమిషాలు చాలు. ఆపాక మిక్శ్చర్ కటాఫ్ (ఇంధనం మూసెయ్యడం), మ్యాగ్నెటో స్విచ్ ఆఫ్, తాళంచెవి డ్యాష్‌బోర్డు మీద అందరికీ కనబడేలా పెట్టి, అప్పుడే దగ్గరికి వెళ్ళండి. స్విచ్ ఆఫ్ చేసి ఉన్నా ప్రొపెల్లర్‌ను చేత్తో కదిలించకండి. పీ-లీడ్ (స్విచ్ నుంచి మ్యాగ్నెటోకు పోయే వైరు) తెగి ఉంటే ఆ చిన్న కదలికకే ఇంజన్ అంటుకోవచ్చు.

టార్చి, పొడుగు పిడి ఉన్న చిన్న అద్దం తీసుకుని పైనుంచి కిందికి, ముందు నుంచి వెనక్కి చూసుకుంటూ రండి. నడిపి ఆపిన పది నిమిషాల్లోపు చూడాలి, ఆలస్యమైతే మళ్ళీ అంతా కలిసిపోతుంది. ఏమీ కనబడకపోతే కౌలింగ్ వేసి ఒక ఫ్లయిట్ అయ్యాక మళ్ళీ విప్పి చూడండి. కొన్ని కారుళ్ళు పూర్తి శక్తి దగ్గర, పూర్తి వేడి దగ్గరే బయటపడతాయి.

లైకమింగ్‌లో వెతికే చోట్లు చెబుతాం. అన్నిటికన్నా ఎక్కువ దొరికేది రాకర్ కవర్ గ్యాస్కెట్. కారుతోందని స్క్రూ ఇంకా బిగిస్తారు, దాంతో రేకు వంగి మరింత కారుతుంది. సిలికాన్ గ్యాస్కెట్ అయితే మరీ సుతారం, ఎక్కువ బిగిస్తే నలిగి పక్కకు జారుతుంది. కవర్ విప్పి అంచును చదునైన గాజు పలక మీద పెట్టి చూడండి, వంగి ఉంటే సందు కనబడుతుంది. ఆ తర్వాత పుష్‌రాడ్ గొట్టాల సీళ్ళు. లైకమింగ్‌లో క్యామ్‌షాఫ్ట్ పైన ఉంటుంది కాబట్టి ఈ గొట్టాలు సిలిండర్‌కు పై భాగాన ఉంటాయి. అక్కడ చెమర్చిన నూనె రెక్కల మధ్యగా దిగి సిలిండర్ మొత్తం తడిపేస్తుంది, చూసినవాళ్ళు సిలిండర్ అడుగే కారుతోందని భయపడతారు. కాంటినెంటల్ ఇంజన్‌లో ఇవి సిలిండర్ కింద ఉంటాయి, అక్కడ కథ తారుమారు.

సిలిండర్ కింద నూనె వెనక్కి దిగే సన్న గొట్టాలు నాలుగు ఉంటాయి. వాటిని క్రాంక్‌కేస్ వైపు చిన్న రబ్బరు హోస్ ముక్కతో, రెండు క్లాంపులతో కలుపుతారు. ఆ రబ్బరు వేడికి గట్టిపడి, వేలితో నొక్కితే ఎండిన చింతపండు తొక్కలా పెళుసుగా ఉంటుంది. క్లాంపు బిగిస్తే ఒక వారం ఆగుతుంది, మళ్ళీ మొదలు. ముక్క మార్చడమే మందు. మీ అట్ట మీద చుక్కలు ముందు చక్రానికి పక్కగా, ఆపిన గంటలోపే పడుతున్నట్టయితే మొదట ఇక్కడే చూడమంటాం.

వెనక వైపు, అంటే ఫైర్‌వాల్ వైపు, ఆయిల్ ఫిల్టర్ ఉంటుంది. ఈ మధ్యే ఆయిల్ మార్చారా అన్నది మీరు రాయలేదు. మార్చి ఉంటే ఫిల్టర్ విప్పినప్పుడు ఒలికిన నూనె రెండు మూడు ఫ్లయిట్ల దాకా చుక్కలుగా దిగుతూనే ఉంటుంది. అది కారుడు కాదు, తుడవడం మిగిలిపోయింది, అంతే. నిజంగా కారుతుంటే, పాత ఫిల్టర్ రబ్బరు రింగు అడాప్టర్‌కే అంటుకుపోయి దాని మీద కొత్తది బిగించారేమో చూడాలి. ఇది చిన్న పొరపాటే గానీ నూనె ఒత్తిడి మొత్తం ఆ రబ్బరు మీద ఉంటుంది. ఎగిరాక రింగు జారితే నిమిషాల్లో నూనె ఖాళీ. చాంపియన్ స్పిన్-ఆన్ ఫిల్టర్‌కు బిగింపు 16 నుంచి 18 ఫుట్-పౌండ్లు, రబ్బరుకు డీసీ-4 లేపనం పలచగా రాయాలి, సేఫ్టీ వైరు వేయాలి. దాని పక్కనే వాక్యూమ్ పంపు గ్యాస్కెట్, మ్యాగ్నెటో గ్యాస్కెట్లు, ఆయిల్ టెంపరేచర్ సెన్సర్ కింది రాగి వాషర్. నలిగి కూర్చునే రకం వాషర్ ఒక్కసారికే, మళ్ళీ వాడితే కారుతుంది. డిప్‌స్టిక్ గొట్టం మొదలూ, మూత రబ్బరూ కూడా చూడండి. నూనె పోసేటప్పుడు గరాటు లేక ఒలకడం వల్ల ఎన్ని ‘లీకులు’ పుడతాయో చెప్పలేం.

హోసులు. ఆయిల్ కూలర్‌కు పోయేవీ, ప్రెషర్ సెన్సర్‌కు పోయేదీ ఒత్తిడి కింద ఉంటాయి. గేజీ మీది ఆకుపచ్చ గీతలో నూనె ఒత్తిడి 50 నుంచి 90 పీఎస్ఐ. రాకర్ కవర్ దగ్గర చెమ్మకూ ఒత్తిడి హోస్ మీద చెమ్మకూ పోలిక లేదు. మొదటిది రేపు చూడొచ్చు, రెండోది చూసిన క్షణాన విమానం ఆగాలి. హోస్ ఫిట్టింగు ఏఎన్ (విమానాల ప్రమాణం) రకం అయితే దాని అంచు 37 డిగ్రీలు. కార్ల ఫిట్టింగ్ 45 డిగ్రీలు. చూడ్డానికి ఒకేలా ఉండి మర ఎక్కినట్టే ఉంటుంది, కూర్చోదు. ఏఎన్ ఫ్లేర్ మరలకు టెఫ్లాన్ టేపు చుట్టొద్దు. అక్కడ నూనెను ఆపేది లోహం మీద లోహం కూర్చోవడమే, మర కాదు. టేపు పోగు తెగి లోపలికి పోతే సన్న దారులు మూసుకుపోతాయి.

సిలిండర్ అడుగున, క్రాంక్‌కేస్‌ను పట్టుకునే చోట కొత్త నూనె కనబడితే మాత్రం తుడిచి ఊరుకోకండి. ఓ-రింగు పాతబడి ఉండొచ్చు, కానీ నట్టు వదులైనా, స్టడ్ విరిగినా కనబడేది ఇలాగే. క్రాంక్‌కేస్ రెండు చిప్పలు కలిసే గీత దగ్గర చెమ్మతో పాటు నల్లటి మెత్తటి పొడి ఉంటే లోహం లోహాన్ని రాసుకుంటోందని. ఇవి రెండూ లైసెన్సు ఉన్న ఇంజనీరు చూసే దాకా విమానం కదలకూడదు.

పొట్ట కింది చార బ్రీదర్ పని అయ్యే అవకాశం ఎక్కువ. పిస్టన్ రింగుల పక్కగా కొంత గ్యాసు కిందికి తప్పించుకోవడం ఏ ఇంజన్‌కైనా ఉంటుంది, అది నూనె ఆవిరిని తీసుకుని బ్రీదర్‌లోంచి పోతుంది. రెండు చెంచాల నూనె గాలికి పాకితే పొట్టంతా నల్లబడుతుంది, చూసినవాళ్ళు లీటరు పోయిందనుకుంటారు. ఇందుకు ఒక పరీక్ష ఉంది. మీ ఇంజన్ సంప్ 8 క్వార్ట్‌లది, 5 కన్నా తక్కువతో ఎగరకూడదు. స్కూళ్ళలో రోజూ 8 దాకా నింపే అలవాటుంటుంది, పైన ఉన్న ఆ క్వార్ట్‌ను ఇంజన్ బ్రీదర్‌లోంచి విసిరేస్తుంది, మళ్ళీ నింపుతారు. పొట్ట శుభ్రంగా తుడిచి, 8 దాకా నింపకుండా 6 లేదా 6.5 దగ్గర ఉంచి, సీఎఫ్ఐ (చీఫ్ ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్) ఒప్పుకుంటే పది గంటలు ఎగరనివ్వండి. పొడుగు క్రాస్‌కంట్రీ ఉన్న రోజు ఈ ప్రయోగం వద్దు. చార పలచబడి, డిప్‌స్టిక్ 6 దగ్గరే నిలకడగా ఉంటే జవాబు దొరికినట్టే.

6 దగ్గర కూడా చార అలాగే వస్తుంటే లోపల గ్యాసు ఎక్కువ తప్పించుకుంటోంది. అప్పుడు వేడి ఇంజన్‌కు కంప్రెషన్ పరీక్ష చేయించాలి. 80 పీఎస్ఐ ఇచ్చి ఎంత నిలుస్తుందో చూస్తారు. సిలిండర్ల మధ్య తేడా 10–15 దాటినా, ఏదైనా 60 కన్నా కిందికొచ్చినా ఆ సిలిండర్ సంగతి చూడాలి. ఆ పరీక్షలో ఆయిల్ ఫిల్లర్ మూత తీసి చెవి పెడితే, రింగుల పక్కగా గాలి పోయే చప్పుడు వినబడుతుంది.

ముందు సీల్ సంగతికి ఇప్పుడు వద్దాం. అది నిజంగా కారితే గుర్తు వేరుగా ఉంటుంది: స్టార్టర్ రింగ్ గేర్ నూనెను చక్రంలా విసిరి, కౌలింగ్ ముక్కు లోపలి గోడ మీద గుండ్రంగా చిందుల వరస వేస్తుంది. ఇంకా ముదిరితే ముందు అద్దం మీద సన్న తుంపర. కౌలింగ్ ముక్కు లోపల వేలు పెట్టి తుడిచి చూడండి, పొడిగా ఉంటే సీల్ మార్చాలన్న మాట అక్కడితో ఆపేయొచ్చు. తడిగా ఉంటే సీల్ కన్నా ముందు బ్రీదర్ గొట్టం చివరిదాకా తెరిచి ఉందో లేదో చూడండి. చలి దేశాల్లో అది మంచుతో మూసుకుపోతుందని పుస్తకాల్లో చదివి ఉంటారు. మన దగ్గర మూసేది మట్టి గూడు కట్టే కందిరీగ. రెండు వారాలు ఆరుబయట నిలిపిన విమానంలో ఏ గొట్టం చివరైనా దానికి ఇల్లే. బ్రీదర్ మూసుకుపోతే లోపలి ఒత్తిడి పెరిగి, మెత్తటి చోటైన ముందు సీల్‌ను తోసేస్తుంది. గొట్టం తెరవకుండా సీల్ మారిస్తే కొత్తదీ అంతే. గొట్టానికి కౌలింగ్ లోపల పైన ఒక చిన్న చీలిక ఉంటుంది, చివర మూసుకుంటే గాలి పోవడానికి. అది పగులు అనుకుని టేపు చుట్టేవాళ్ళున్నారు, మీ గొట్టానికి అలా చుట్టి ఉందేమో చూడండి.

నీలం మరక. 172ఎస్‌లో ఇంధన ట్యాంకుల గాలి గొట్టం ఎడమ రెక్క కింద, రెక్కను మోసే స్ట్రట్ దగ్గర తెరుచుకుంటుంది. పొద్దున 26 డిగ్రీల దగ్గర ట్యాంకు నిండుగా నింపి నిలిపితే, మధ్యాహ్నానికి ఇంధనం 15 డిగ్రీలు వేడెక్కినా నూటికి ఒకటిన్నర వంతుకు పైగానే ఉబ్బుతుంది. ఒక్కో ట్యాంకు 106 లీటర్లు. లీటరున్నర పైచిలుకు ఎక్కడికో పోవాలి కదా, గాలి గొట్టంలోంచి కారుతుంది. మరక ఆ గొట్టం చివర నుంచే మొదలైతే అది కారుడు కాదు. ఎండలో నిలిపే రోజు నిండుగా నింపకుండా, లేదా ఎగరబోయే ముందు నింపితే ఆగుతుంది. గొట్టం మూయకండి, గుడ్డ కుక్కకండి: ట్యాంకులోకి గాలి రాకపోతే ఇంజన్‌కు ఇంధనం రాదు. మరక రివెట్ల వరస నుంచో, ట్యాంకు కీలు నుంచో మొదలైతే తుడిచి ఆరబెట్టి అరగంట తర్వాత చూడండి. ముప్పావు అంగుళం లోపు వ్యాపిస్తే మరక, ఒకటిన్నర అంగుళం దాకా ఊట, నాలుగు అంగుళాల దాకా పెద్ద ఊట, ధారగా దిగితే కారుడు అని లెక్క. గాలాడే రెక్క బయటి భాగంలో మొదటి మూడింటినీ గమనిస్తూ ఉండొచ్చు, నాలుగోది వెంటనే ఆపాలి.

ఈ వెసులుబాటు ఇంజన్ గదిలోకి తీసుకురావద్దు. అక్కడ ఎగ్జాస్ట్ ఉంది, నిప్పు ఉంది. ఫ్యూయల్ సర్వో (ఇంధనం కొలిచి పంపేది) దగ్గరగానీ, ఇంజెక్టర్లకు పోయే సన్న స్టీల్ గొట్టాల దగ్గరగానీ నీలం రవ్వంత కనబడినా విమానం ఆగాలి. ఆ సన్న గొట్టాల కోసమే లైకమింగ్ 342 నంబరు సర్వీస్ బులెటిన్ ఇచ్చింది. క్లాంపు ఊడితే గొట్టం కంపించి సోల్డర్ దగ్గర పగులుతుంది, అందుకే నీలంతో పాటు క్లాంపులూ లెక్కపెట్టాలి. ఇంజన్ నడిపే ఫ్యూయల్ పంపు కింద ఒక డ్రెయిన్ గొట్టం బయటికి వస్తుంది, దాని చివర తడి చూడండి: ఇంధనమైతే డయాఫ్రమ్ చిరిగింది, నూనె అయితే ఇంజన్ వైపు సీల్. రెండిట్లో ఏదైనా పంపు మార్చాల్సిందే. పాత కార్బ్యురేటర్ 172లో మాత్రం ఎక్కువ ప్రైమ్ చేసినప్పుడు గాలి డబ్బా కింద నుంచి నాలుగు చుక్కలు పడితే అది సహజం. ప్రైమ్ చేయకపోయినా పడుతూనే ఉంటే ఫ్లోట్ సూది కూర్చోవడం లేదు.

స్థిర పిచ్ ప్రొపెల్లర్ మీది, కాబట్టి మీకు అక్కర్లేదు, కానీ రేపు వేరే విమానం మీద పని చేస్తారు గనక ఒక మాట: కొన్ని మెకాలీ వేరియబుల్ పిచ్ ప్రొపెల్లర్ల హబ్‌లో కావాలనే ఎర్ర రంగు నూనె నింపుతారు. ప్రొపెల్లర్ రెక్క మొదట్లో ఎర్ర గీత కనబడితే హబ్ పగిలి ఉండొచ్చు. తుడిచి పంపకూడదు.

రంగు, లైటు పద్ధతి మంచిదే, కాకపోతే అది మొదటి అడుగు కాదు. విమాన ఇంజన్ ఆయిల్‌కు ఒప్పుకున్న ఫ్లోరసెంట్ రంగు దొరుకుతుంది. కార్ల షాపులో ఏసీ గ్యాసుకు అమ్మే రంగు పోయకండి. డబ్బా మీద రాసిన మోతాదే, దానికి పైన వద్దు. అరగంట నడిపి చీకట్లో అల్ట్రావయొలెట్ టార్చి వేస్తే కారిన చోటు పసుపు పచ్చగా మెరుస్తుంది. కడగకుండా వేస్తే మాత్రం ఇంజన్ మొత్తం దీపావళిలా వెలిగి ఏమీ తెలియదు. కడిగి, తెల్ల పొడి చల్లి, రెండు మూడు సార్లు చూసినా మూలం దొరకనప్పుడే దీని అవసరం. కారుడు ఆపుతాయని చెప్పే కలిపే మందులు, మరీ చిక్కటి నూనె మాత్రం వద్దు. రబ్బరును ఉబ్బించే మందు కారే సీల్‌తో ఆగదు, బాగున్నవాటిని కూడా ఉబ్బిస్తుంది.

మీ సీనియర్ అన్న మాట పూర్తిగా తప్పని అనం. లైకమింగ్ కొంచెం చెమరుస్తుంది, నిజమే. కానీ తుడిచి, రాయకుండా ఊరుకుంటే ఆ ‘కొంచెం’ నిన్నటికన్నా పెరిగిందో లేదో ఎవరికీ తెలియదు. మీకు లైసెన్సు లేదు కాబట్టి విప్పి బిగించే ప్రతి పనీ బీ1.2 (పిస్టన్ ఇంజన్ విమానాల) లైసెన్సు ఉన్న ఇంజనీరు చూస్తూండగా జరగాలి, సర్వీసుకు విడుదల సంతకం ఆయనే పెట్టాలి. మీరు చేయగలిగింది, ఆయనకు మంచి సమాచారం ఇవ్వడం: ‘నూనె కారుతోంది’ అని కాకుండా, ‘3వ సిలిండర్ డ్రెయిన్ గొట్టం క్రాంక్‌కేస్ వైపు హోస్ కింద తడి, కడిగి ఆరు నిమిషాలు నడిపాక కనబడింది, మిగతాచోట్ల పొడి, గత పది గంటల్లో పోసింది ఒక క్వార్ట్’ అని. అట్ట కూడా దాచి చూపించండి.

ఒకసారికి ఒక్క చోటే బాగుచేయించండి. రెండు గ్యాస్కెట్లూ, రెండు హోసులూ ఒకేసారి మారిస్తే ఏది దోషో తెలియదు. బాగుచేశాక ఇంకోసారి కడిగి, తెల్ల పొడి చల్లి, గ్రౌండ్ రన్ చేసి చూసి, ఒక ఫ్లయిట్ తర్వాత మళ్ళీ కౌలింగ్ విప్పి చూడండి, ఆ తర్వాత పది గంటలకు ఇంకోసారి. ఆ రెండో చూపులో కొత్త అట్ట పరవడం మరచిపోకండి. పాత అట్టతో పక్కపక్కన పెడితే చుక్కలు ఎక్కడ తగ్గాయో వెంటనే తెలుస్తుంది.